కసిల్దా కుడిచేతి గోళ్ళు

చేపలు కోసే మనిషి గోళ్ళు పెంచుకుంటే లోకం ఊరుకుంటుందా? కాదిజ్ రేవు ఊరి చేపల బజారులో కసిల్దా మూడేళ్ళుగా పెంచుతోంది, అదీ కుడిచేతికి మాత్రమే. ఎడమచేతి గోళ్ళు మొదలంటా కత్తిరించి ఉంటాయి. కుడిచేతికి ఒకదాని మీద ఒకటి రెండు రబ్బరు తొడుగులు వేసుకుని కానాగంత చేపల పొట్టలు చీల్చేది.

"ఏమే మహారాణీ, ఇవాళ నీ కుడిచెయ్యి పెళ్ళికి వెళ్తోందా?" అనేది పక్క కొట్టు పూరా.

"వెళ్తోంది. నీ నోటికీ ఒక తొడుగు కొనుక్కొస్తా, ఆగు" అనేది కసిల్దా.

ఆ గోళ్ళన్నీ గిటారు కోసం. వీధికి నలుగురు గిటారు వాయించే ఊళ్ళో పుట్టి, నలభై తొమ్మిదో ఏట దాన్ని మొదటిసారి ఒళ్ళో పెట్టుకుంది. ఎవరైనా అడిగితే "పొద్దుపోవడానికి" అని చెప్పేది. అది అబద్ధం. నాన్న కోసం నేర్చుకుంది.

ఆమె తండ్రి లెయాండ్రో నలభై ఏళ్ళు ఓడల కార్ఖానాలో వెల్డింగ్ చేశాడు, ఆదివారాలు పేటలోని పాటల క్లబ్బులో పాడాడు. డబ్బు పుచ్చుకుని ఎప్పుడూ పాడలేదు. పక్కన కూర్చుని ముప్పై ఏళ్ళు గిటారు వాయించిన స్నేహితుడు ఫ్రస్కీతో అనే ఆయన పోయాక పెద్దాయన పాట సగమైంది. ఎవరు వాయించబోయినా ముఖం చిట్లించేవాడు. "ఈ కాలం గిటార్లకి నోరెక్కువ" అనేవాడు. ఖాళీ పడిన ఆ కుర్చీలో తనే కూర్చుంటే సరిపోతుందని కసిల్దాకి తోచింది. అమ్మ పోయిన ఇంట్లో తండ్రీ కూతుళ్ళ మధ్య మాటలు తక్కువ, ప్రేమ మాత్రం గంపెడు. అది చెప్పుకోవడానికి ఆమెకు మరో దారి కనబడలేదు.

మధ్యాహ్నం కొట్టు మూసి వచ్చి, చేతులు నిమ్మకాయతో రుద్దుకుని, వంటింట్లో కూర్చుని రెండు గంటలు సాధన చేసేది. ఎదురుగా ఫోను టిక్కు టిక్కుమని తాళం కొడుతుండేది. ఒకే తీగను మూడు వేళ్ళతో గబగబా మీటుతూ వాన చినుకుల్లా రాల్చడం ఒకటుంది, ఆ ఒక్కదానికే ఏడాదిన్నర పట్టింది. వచ్చిన రోజున స్టవ్ మీద పప్పు మాడిపోయినా ఆమెకు కోపం రాలేదు.

అప్పుడప్పుడు నాన్నను పాడమనేది. ఆయన రెండు చరణాలు అందుకుని, మూడోదాని మధ్యలో ఆపేసేవాడు.

"గొంతు బాలేదమ్మాయ్. రేపు చూద్దాం."

ఆ రేపు వచ్చేది కాదు. తన వాయింపు ఆయన చెవికి ఆనలేదని కసిల్దా అనుకునేది. ఇంకో కష్టమైన స్వరాల అల్లిక నేర్చుకుని, పాట మధ్యలో ఆయన ఆగిన ప్రతిచోటా దాన్ని ఇరికించేది. ఆమె ఎంత నేర్చుకుంటే ఆయన అంత త్వరగా ఆపేవాడు. ఇదేం శిక్షో ఆమెకు అర్థమయ్యేది కాదు.

గిటారు నేర్పే బాల్దొమేరో ఒకప్పుడు మంగలి. ఆయన ఓసారి సూటిగానే అన్నాడు. "తల్లీ, నీ వేళ్ళకి వంక పెట్టలేను. చెవులకే తీరిక లేదు."

కసిల్దా ఆ మాటను ఇంటికి మోసుకొచ్చి, దానికి మందుగా రోజూ మరో అరగంట ఎక్కువ వాయించింది.

నవంబరులో లెయాండ్రో క్లబ్బులో అందరి ముందూ చెప్పాడు. "వచ్చే ఆదివారం పాడతాను. ఆ తరవాత నన్ను అడగొద్దు. వయసైపోయింది."

కసిల్దా లేచి నిలబడింది. "అయితే నేను వాయిస్తా నాన్నా" అంది. నలుగురిలో కూతురిని కాదనలేక ఆయన తల ఊపాడు. ఇది పోతే మరో ఆదివారం లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

శుక్రవారం ఒక పెద్ద చేప రెక్కముల్లు రెండు తొడుగులనూ చీల్చుకుని వచ్చి ఆమె నడిమివేలి గోరు విరిచింది. గిటారు వాళ్ళకు ఇది తెలిసిన కష్టమే. వాళ్ళ ఇళ్ళలో ఆడేవాళ్ళు లేకపోయినా పింగ్‌పాంగ్ బంతులుంటాయి. బంతిని గోరు ఆకారంలో కత్తిరించి, జిగురుతో అంటించి, ఆకురాయితో నున్నగా రుద్దుకుంటారు. అంతవరకూ బాగానే ఉంది. కసిల్దా అక్కడితో ఆగితేగా! మీటే మూడు వేళ్ళలో ఒక గోరు ప్లాస్టిక్కు, రెండు సొంతమూ అయితే మోతలో తేడా వస్తుందని, నిక్షేపంలాంటి మిగతా రెండు గోళ్ళనూ కత్తిరించి మూడింటికీ బంతి ముక్కలే అంటించింది. అతి తెలివి అంటే ఇదే. ముప్పై ఏళ్ళ చేపనూనె ఇంకిన వేళ్ళ మీద ఏ జిగురు నిలుస్తుంది?

ఆదివారం మధ్యాహ్నం క్లబ్బు కిటకిటలాడింది. పూరా కూడా కొత్త రవిక తొడుక్కుని ముందు వరుసలో కూర్చుంది. పాట మొదలైతే అక్కడ గ్లాసులు కడగడం కూడా ఆపేస్తారు. లెయాండ్రో కుర్చీలో నిటారుగా కూర్చుని, వేళ్ళ కణుపులతో బల్ల మీద తాళం వేశాడు. పన్నెండు దెబ్బల నిదానమైన పాట అది. కసిల్దా వాన కురిపించడం మొదలుపెట్టింది. గది నిండా చినుకులే. ఎవరో "ఓలే" అని మెచ్చుకున్నారు. ఆమె ముఖం వెలిగింది.

లెయాండ్రో మొదటి మాట అందుకున్నాడు. ఆయన ఆగిన చోట ఆమె నేర్చిన అల్లికను అల్లింది. ఆయన మళ్ళీ అందుకోబోయి, ఆమె ముగించేదాకా నోరు తెరిచి కూర్చోవాల్సి వచ్చింది. మెడ నరాలు పొంగాయి. రెండో వరసకే చెయ్యి బల్ల మీదినుంచి ఒళ్ళోకి జారింది. ఆ చెయ్యి జారడం ఆమెకు తెలుసు. ఇంట్లో ఆపేసే ముందు జారేది అలాగే.

అప్పుడే టప్పుమంది. నడిమివేలి బంతిముక్క ఊడి గిటారు పొట్టలో పడి గలగలలాడింది. రెండోది ఎగిరి పూరా ఒళ్ళో పడింది. మూడోది తీగల మధ్య ఇరుక్కుంది. పూరా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కసిల్దా మూడేళ్ళ విద్య చిప్స్ ముక్కల్లా చెల్లాచెదురైంది. మిగిలింది బొటనవేలు ఒక్కటే. దానితో అల్లికలు రావు, వాన కురవదు. లావు తీగ మీద ఒక్క దెబ్బ వేసి, ఇక చేసేదేమీ లేక నాన్న ముఖంలోకి చూసింది. పాట నడుస్తుండగా ఆమె ఆయన ముఖం చూడటం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ తన వేళ్ళనే చూసుకుంది.

ఆయన భుజాలు పైకి లేస్తున్నాయి. ముక్కుపుటాలు అదురుతున్నాయి. పాటగాడి ముఖం కాదది, మెట్లెక్కి వచ్చిన మనిషి ముఖం. ఆయన ఊపిరి కోసం తంటాలు పడుతున్నాడు. వెల్డింగు పొగ నలభై ఏళ్ళు తిన్న ఊపిరితిత్తులు మూడు మాటలకు మించి మోయలేకపోతున్నాయి. ఆ మాట బయటికి చెప్పడం చేతగాక, గొంతు మీదా వయసు మీదా నెడుతూ వచ్చాడు. ఆయన గాలి పీల్చుకోవాల్సిన ప్రతి సందునూ తనే అల్లికలతో పూడ్చింది. ఆయన కూడగట్టుకున్న ఊపిరి కాస్తా ఆ అల్లిక ముగిసేదాకా ఆగడంలోనే ఖర్చయ్యేది. కసిల్దాకి ఏడుపొచ్చింది. సిగ్గు కూడా వేసింది.

ఆమె వాయించలేదు. ఆగింది. ఆయన భుజాలు కిందికి దిగాయి. అప్పుడు బొటనవేలితో ఒక్క దెబ్బ వేసింది. లెయాండ్రో పాడాడు.

మూడు మాటలు పాడి ఆగాడు. ఆమె కూడా ఆగింది. ఒక దెబ్బ, మళ్ళీ మూడు మాటలు. పన్నెండు దెబ్బల లెక్క ఎక్కడా తప్పలేదు గానీ సాగింది, ఆయన ఊపిరికి తగ్గట్టు సాగింది. మూడో చరణం సగంలో ఆయన చాలాసేపు ఆగిపోయాడు. క్లబ్బంతా బిగుసుకుంది. బాల్దొమేరో లేవబోయి కూర్చున్నాడు. కసిల్దా వేలు తీగకు ఆనించి, నాన్న ఛాతీ వైపే చూస్తూ, అవసరమైతే సాయంత్రం దాకా ఉండేదానిలా కూర్చుంది. ఆ చరణం ఆయన ముగించాడు. మూడేళ్ళలో ఆయన మూడో చరణం దాటడం అదే మొదటిసారి.

చప్పట్లకు గది దద్దరిల్లింది. లెయాండ్రో చెయ్యెత్తి ఆపించాడు. చెమట తుడుచుకుని, ఎదురుగా ఉన్న మనుషుల్ని వరసగా చూశాడు.

"ఇంకోటి పాడతాను. పొడుగుది. నాకు ఊపిరి చాలట్లేదర్రా, మధ్యలో ఆగిపోతుంటా. ఇన్నాళ్ళూ చెప్పలేదు. అమ్మాయి ఆగుతుంది. మీరూ ఆగండి."

పూరా ముక్కు చీదుకుంది. కసిల్దా కళ్ళు తుడుచుకుని, గిటారును ఒళ్ళోకి సర్దుకుని, మెల్లగా అడిగింది.

"ఎప్పుడు మొదలుపెట్టమంటావు నాన్నా?"

"నన్నడుగుతావేంటే? నువ్వు మొదలెట్టు. నేనొస్తాను."