చచ్చిన క్రిములకు జడిసిన డైరెక్టరు

మా డైరెక్టరుగారికి మైకు దొరికితే పూనకమే. నోట్లో చుక్కలుగా వేసే కలరా టీకాను కుందేలు పిల్లల మీద పరీక్షించే రోజున ఆయనకు మైకూ దొరికింది, ఫొటోగ్రాఫర్లూ దొరికారు.

సగం కుందేలు పిల్లలకు ముందే టీకా పట్టాం. ఇక అన్నింటికీ కలరా క్రిములు తాగించాలి. టీకా పడినవి గెంతుతుండాలి, పడనివి విరేచనాలతో చతికిలబడాలి. అప్పుడే మందు పనిచేసినట్టు. అది తేలితే మనుషులకు వేసి చూడటం మా అక్క వాళ్ల పేటలోనే మొదలవుతుంది. వరద వచ్చిన ప్రతిసారీ కలరా వచ్చే పేట అది.

క్రిముల సీసాను ఫొటో లైట్ల కింద పెట్టించి ఆయన ప్రసంగం మొదలుపెట్టారు. ఆ వేడికి సీసా కాలిపోతోంది, క్రిములు చస్తాయని నేను సైగ చేస్తే, మెచ్చుకుంటున్నాననుకుని ఇంకాస్త సాగదీశారు. వినేవాళ్లు కునుకు తీసి గట్టెక్కారు. క్రిములకు ఆ వీల్లేదు పాపం, చచ్చాయి. అవే తాగించమన్నారు, తాగించాం.

మర్నాడు పిల్లలన్నీ చెంగుచెంగున గెంతుతున్నాయి.

"చూశారా! టీకా వేయని వాటిక్కూడా ఏం కాలేదు. అంత పవరుంది మన మందుకి!" అన్నారు డైరెక్టరుగారు, అనుమతి ఇవ్వడానికి వచ్చిన పెద్దాయనతో. ఆ పెద్దాయన తల ఊపేస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది. సీసాలో మిగిలింది తెచ్చి గ్లాసులో పోశాను.

"అయితే వేసుకోకపోయినా మీకూ పనిచేస్తుందిగా సార్. ఒక్క గుక్క తాగండి."

"పిచ్చా నీకు? అవి కలరా క్రిములమ్మా!"

"ఎప్పుడో చచ్చాయి సార్, మీ ప్రసంగం వింటూ."

తాగితే క్రిములు చచ్చాయని ఒప్పుకున్నట్టు, తాగకపోతే మందు మీద నమ్మకం లేనట్టు. ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగారు. పెద్దాయన తల ఊపడం ఆపి, "మళ్లీ చేయండి," అన్నాడు.

మళ్లీ చేశాం, మైకు లేకుండా. టీకా పడని పిల్లలు చతికిలబడ్డాయి. పడినవీ చతికిలబడ్డాయి.

"ఆ రోజు నువ్వు నోరు మూసుకుని ఉంటే మందు బాగానే పనిచేసేది కదమ్మా!" అన్నారు డైరెక్టరుగారు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "ఏమే, మా బుజ్జిదానికి ఆ చుక్కలు ఎప్పుడేస్తారే?"

"ఇప్పట్లో కాదక్కా. నీళ్లు కాచి పట్టు."

"ఇంత చదువు చదివి చెప్పేది ఇదా?" అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.