తిట్లలో పెద్దల్లుడి వాటా

మామగారు చిన్నల్లుణ్ణి తిట్టిన ప్రతిసారీ పెద్దల్లుడి కడుపు రగిలిపోయేది.

"ఒరేయ్ దద్దమ్మా! అది స్పానర్రా, గరిటె కాదు. పులుసు కలిపినట్టు కలుపుతావేంటి?" అని గ్యారేజీలోంచి కేక వినపడుతుంది. వెంటనే ఇద్దరి నవ్వులూ వినపడతాయి. ఇటు వరండాలో, తుడిచి వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న పెద్దల్లుడు పేపరులో చదివిన వాక్యమే మళ్ళీ చదువుతాడు. తిట్లు తిన్నవాడు హాయిగా ఈల వేసుకుంటుంటే, తిట్లు పడనివాడికి ఎందుకంత బాధ? అక్కడే ఉంది అసలు సంగతి. అతనికి కావలసినవి ఆ తిట్లే.

పెళ్ళయి పన్నెండేళ్ళయింది. ఇన్నేళ్ళలో మామగారు అతన్ని ఒక్క మాట అన్న పాపాన పోలేదు. "రండి అల్లుడుగారూ, కూర్చోండి అల్లుడుగారూ, ఎండనపడి వచ్చారు, ఫ్యాను కింద కూర్చోండి." ఇదీ వరస. ఆయనకు కంటి ఆపరేషన్ అయినప్పుడు ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చున్నది ఇతనే. వేళ తప్పకుండా చుక్కలు వేసింది ఇతనే. అప్పుడు కూడా "మీకు శ్రమ ఇస్తున్నాను అల్లుడుగారూ" అన్నారు తప్ప, "ఏమయ్యా, కంట్లో వెయ్యమంటే చెవిలో పోస్తున్నావేం" అని ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

చిన్నల్లుడు ఈ ఇంటికొచ్చి ఏడాది తిరగలేదు. టైల్స్ షాపులో సేల్స్ చూస్తాడు. మాట ఎక్కువ, మర్యాద తక్కువ. వచ్చిన కొత్తలోనే "మావా" అనేశాడు. మామయ్య లేదు, గారు లేదు, ఉత్త మావా. ఎవరైనా ముక్కున వేలేసుకోవలసిన మాట. మామగారు మాత్రం అందని చోట ఎవరో వీపు గోకినట్టు మురిసిపోయారు.

మోటార్‌సైకిల్ సంగతీ అలాగే మొదలైంది. మామగారు కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా పనిచేసిన రోజుల్లో ఆ బండి మీదే ఊరంతా తిరిగారు. మోకాళ్ళు అరిగి కిక్ కొట్టలేని స్థితి వచ్చాక దాన్ని గ్యారేజీలో ఓ మూలకు తోసి టార్పాలిన్ కప్పేశారు. ఆ టార్పాలిన్‌ను పెద్దల్లుడు ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. కింద విరిగిన మంచమేదో ఉందనుకున్నాడు. చిన్నల్లుడు సరాసరి వెళ్ళి దాన్ని లాగి అవతల పారేశాడు.

"మావా! ఇంత బండి పెట్టుకుని శవానికి కప్పినట్టు కప్పేశావేంటి? లేపుదాం దీన్ని."

"చచ్చినదాన్ని ఏం లేపుతావురా?"

"నువ్వు చెప్పు, నేను చేస్తా. నీకు మోకాళ్ళు లేవు, నాకు బుర్ర లేదు. ఇద్దరం కలిస్తే ఒక మెకానిక్."

ఆ రోజు నుంచి ఈ ఇంట్లో ఆదివారాలన్నీ గ్యారేజీ సొంతమయ్యాయి. ట్యాంకు విప్పారు, తుప్పు గీకారు, చక్రాలు ఊడదీసి గోడకు ఆనించారు. వంటింటి కిటికీలోంచి అదంతా చూసి అత్తగారు, "నా సవతికి మళ్ళీ వైభోగం పట్టిందే అమ్మాయ్" అని కూతుళ్ళతో అనేవారు.

పెద్దల్లుడు ఒకటి రెండుసార్లు ధైర్యం చేసి గ్యారేజీ గుమ్మం దాకా వెళ్ళాడు.

"అయ్యో, మీరెందుకండీ ఇటు? బట్టలు మాసిపోతాయి" అని మామగారు కంగారుపడి లేవబోయారు. "ఒరేయ్, అల్లుడుగారికి కుర్చీ వెయ్యరా వరండాలో."

"అన్నయ్యా, నువ్వు దొరలా కూర్చో" అన్నాడు చిన్నల్లుడు, చెంప మీద గ్రీజు మరకతో. "పేపర్లో మంచి వార్తేదైనా ఉంటే గట్టిగా చదువు, పనిచేస్తూ వింటాం."

ఆ గ్రీజు మరక చూసినా ఒళ్ళు మండింది అతనికి. అది మామగారి బొటనవేలంత వెడల్పుంది. ఏ వెధవపని చేసినందుకో ముద్దుగా చెంప మీద అంటించినట్టుంది.

"ఏంటండీ, మొహం అలా పెట్టారు?" అంది భార్య ఇంటికి తిరిగి వస్తుంటే.

"ఏం లేదు."

"నాన్న మిమ్మల్నెంత గౌరవంగా చూస్తారు! మా చెల్లెలి మొగుణ్ణి చూడండి, పాపం, వారం వారం అక్షింతలే."

"గౌరవం! చుట్టాన్ని చూసినట్టు చూడ్డం గౌరవమా? నేనేమైనా మీటరు రీడింగుకి వచ్చానా?"

"అయితే మీరూ గ్రీజు పూసుకుని తిరగండి. ఎవరొద్దన్నారు?"

ఎవరూ వద్దనలేదు. రమ్మని కూడా అనలేదు. ఆ రెండింటికీ మధ్య ఎంత దూరముందో భార్యకు ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు.

గేర్‌బాక్సు విప్పిన ఆదివారం మామగారు ఒక నియమం పెట్టారు. నేల మీద పాత పేపర్లు పొడుగ్గా పరిచి, లోపలి నుంచి వచ్చిన ప్రతి భాగాన్నీ వచ్చిన వరసలోనే, ఎడమ నుంచి కుడికి పెట్టుకుంటూ పోవాలి. ఒక గేరు, దాని పక్కన కాగితమంత పలచని వాషరు, మళ్ళీ గేరు, మళ్ళీ వాషరు. ఆ వాషర్లు చూడ్డానికన్నీ ఒకేలా ఉంటాయి. మందంలో మాత్రం వెంట్రుకవాసి తేడా. ఒకదాని చోట ఇంకొకటి పడితే గేరు బిగుసుకుపోతుంది, లేదా వదులై జారిపోతుంది.

"ఎందుకైనా మంచిది, ఫోటో తీస్తాను మావా" అన్నాడు చిన్నల్లుడు.

"ఫోటో ఏంట్రా ఫోటో? నేనింకా బతికే ఉన్నాగా! వరస పేపరు మీదుంది, నా తలకాయలో ఉంది. జేబులో పెట్టు ఆ ఫోను."

ఈ మాటలు జరిగినప్పుడు పెద్దల్లుడు వరండాలో ఉన్నాడు. ఫోటో ఏదో వద్దన్నారని మాత్రమే అతనికి వినపడింది. దేని వరస, ఏ పేపరు అన్నది అతనికి ఎవరూ చెప్పలేదు. చుట్టానికి ఇవన్నీ ఎవరు చెబుతారు?

మరుసటి ఆదివారం పెద్దల్లుడూ భార్యా వెళ్ళేసరికి మామగారూ చిన్నల్లుడూ బేరింగులు కొనడానికి బజారుకు వెళ్ళి ఉన్నారు. గ్యారేజీ తలుపు దగ్గరగా వేసి ఉంది, తాళం లేదు. ఆడవాళ్ళు లోపల మాటల్లో పడ్డారు. పెద్దల్లుడు మెల్లిగా తలుపు తోసి లోపలికి నడిచాడు.

కుర్చీ వేసేవాళ్ళు లేని ఆ గదిలో నిలబడడమే అతనికి కొత్తగా ఉంది. కిరోసిన్ వాసన. పాత బల్లకు బిగించిన, ఇనుము పట్టి ఉంచే వైస్. దాని పక్కన రెండు టీ గ్లాసులు, ఒకదాని మీద ఒకటి. మూడో గ్లాసు కోసం అతని కళ్ళు తెలియకుండానే వెతికాయి. లేదు. నేల మీద పేపర్లు, వాటి మీద నూనె కారుతూ, మట్టి పట్టి, చిన్నా పెద్దా కలగలిసిన ఇనుప ముక్కలు.

అతను ఆస్పత్రిలో మందుల స్టోరు ఇన్‌చార్జి. వాళ్ళింట్లో డిగ్రీ దాకా వెళ్ళిన మొదటి మనిషి. చెదిరి ఉన్నదాన్ని సర్దడమే అతని చదువు, ఉద్యోగం, గొప్ప. అతని స్టోరులో కళ్ళు మూసుకుని చెయ్యి పెడితే కావలసిన మందు చేతికొస్తుందని డాక్టర్లు కూడా అంటారు. ఆ పేపర్ల వంక చూడగానే అతనికి జాలి, దాని వెనకే సంతోషం కలిగాయి. ఇదా వీళ్ళ పనితనం! ఈల వేయడం కాదు తమ్ముడూ, పని అంటే ఎలా ఉంటుందో ఇవాళ మావయ్యగారు చూస్తారు.

చొక్కా చేతులు పైకి మడిచాడు. ముక్కలన్నీ కిరోసిన్‌లో వేసి, పాత టూత్‌బ్రష్‌తో గేర్ల పళ్ళ సందులన్నీ తోమి, గుడ్డతో తళతళలాడేలా తుడిచాడు. కార్లో ఖాళీ మందుల డబ్బాలుంటే తెచ్చాడు. గేర్లు పెద్దవి ఒకచోట, చిన్నవి ఒకచోట. వాషర్లన్నీ ఒకే కొలత కాబట్టి అన్నీ ఒకే డబ్బాలో. ప్రతి డబ్బా మీదా గుండ్రటి అక్షరాలతో చీటీ. చివరికి పేపర్లు మడిచి చెత్తబుట్టలో వేసి, నేల ఊడ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని చూశాడు. ప్రాణం లేచొచ్చింది.

వాళ్ళు వచ్చారు. చిన్నల్లుడు ఈల వేస్తూ లోపలికి అడుగుపెట్టి, ఈల మధ్యలో ఆగిపోయాడు.

"అన్నయ్యా... పేపర్లేవీ?"

"పారేశాను. అన్నీ కడిగి సర్దాను."

"ఎంత పని చేశావన్నయ్యా! ఇప్పుడు వరస..." అని నోరు తెరిచి, మామగారి మొహం చూసి మూసేశాడు.

మామగారు వాషర్ల డబ్బా చేతిలోకి తీసుకున్నారు. చీటీ చదివారు. ఒక వాషరు వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురులో చూశారు. ఇంకొకటి చూశారు. ఆయన పెదాలు ఏదో లెక్కపెడుతున్నట్టు కదిలి, ఎక్కడో తప్పిపోయి, ఆగిపోయాయి. అప్పుడర్థమైంది పెద్దల్లుడికి, తాను చెరిపింది ఏమిటో.  కళ్ళు దించుకుని ఉరుము కోసం ఎదురుచూశాడు.

"పోనీలెండి అల్లుడుగారూ" అన్నారు మామగారు, ఎంతో మెత్తగా. "శ్రమ తీసుకున్నారు. శుభ్రంగా ఉన్నాయి. లోపలికెళ్ళి కాఫీ తాగండి."

ఆ మెత్తదనం మీద కత్తి తిప్పినా తెగదు. అతను లోపలికెళ్ళాడు. అత్తగారు సాసరులో పెట్టి కాఫీ ఇచ్చారు. పెదవి దాకా తీసుకెళ్ళాడో లేదో, గ్యారేజీలో పిడుగు పడింది.

"ఒరేయ్ మొద్దూ! తాళం వెయ్యకుండా ఎలా వచ్చావురా? తలుపు బార్లా తీసి ఊరేగుతావా? నెలల తరబడి చేసిన పని గంగలో కలిపావు కదరా!"

"ఆఖర్న బయటికొచ్చింది నువ్వే కదా మావా?"

"ఎదురు మాట్లాడావంటే వీపు చిట్లుతుంది!"

పెద్దల్లుడు కప్పు దించాడు. ఈ తిట్లు ఎవరివి? తను చేసిన తప్పుకు పుట్టిన తిట్లు. తన సొంతం. అవి కూడా తీసుకెళ్ళి వాడి చేతిలోనే పెడుతున్నారే!

కప్పూ సాసరూ పట్టుకునే గ్యారేజీలోకి వెళ్ళాడు.

"మావయ్యగారూ, అతన్నెందుకండీ తిడుతున్నారు?"

"మీరు లోపల కూర్చోండి అల్లుడుగారూ. మీకేం సంబంధం లేదు."

"ఎందుకు లేదండీ సంబంధం? కడిగింది నేను, కలిపేసింది నేను. ఆ తిట్లు నావి. నావి నాకిచ్చెయ్యండి."

"తీసుకెళ్ళన్నయ్యా, నా దగ్గర గోనెసంచి నిండా ఉన్నాయి" అన్నాడు చిన్నల్లుడు.

"నువ్వు నోర్ముయ్!"

పెద్దల్లుడి నోట అలాంటి మాట ఎవరూ వినలేదు. కిటికీలోంచి ముగ్గురు ఆడవాళ్ళ తలలు కనిపించాయి.

"మీరేదో మంచికే చేశారు కదండీ..." అని మామగారు నసిగారు.

"మంచికి కాదండీ. కుళ్ళుకొద్దీ చేశాను. వీడికంటే నేను బాగా చేస్తానని మీకు చూపించాలని చేశాను. పన్నెండేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాను. వీడొచ్చి ఏడాది కాలేదు, వీడికి దద్దమ్మ, మొద్దు, అన్నీ వచ్చేశాయి. నాకు ఒక్కటి రాలేదు."

మామగారు చేతిలోని గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నారు.

"మీరు మొదటిసారి ఈ ఇంటికొచ్చిన రోజున నీళ్ళ మోటారు విప్పుతున్నాను" అన్నారు చివరికి. "గ్రీజు చేతులతో అలాగే లేచొచ్చి చెయ్యి చాపాను. మీరు నా చెయ్యి చూశారు, మీ చొక్కా చూసుకున్నారు, ఒక అడుగు వెనక్కేశారు. చదువుకున్న మనిషి, మన మురికి ఆయనకి పడదని అనుకున్నాను. అప్పట్నుంచి జాగ్రత్తగానే ఉంటున్నాను."

పెద్దల్లుడికి గుర్తుంది. బాగా గుర్తుంది.

"ఆ చొక్కా నాది కాదండీ" అన్నాడు. "హాస్టల్లో నా పక్క గదివాడిది. మరక పడితే వాడికి కొత్తది కొనివ్వాలి. నా దగ్గర అంత లేదు."

మామగారి మొహం ఎర్రబడింది.

"ఈ ముక్క చెప్పడానికి పన్నెండేళ్ళా? నోట్లో నాలుక లేదూ?" అని గట్టిగా అరిచి, తన అరుపుకు తానే తడబడి, "...అండీ?" అని చేర్చారు.

కిటికీలో అత్తగారు ఫక్కున నవ్వారు. పెద్దల్లుడు కప్పూ సాసరూ బల్ల మీద పెట్టేసి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, ఇస్త్రీ ప్యాంటుతోనే.

ఇక దారి ఒక్కటే. షాఫ్టు కడ్డీకి గేరు తొడగాలి, పక్కన ఒక వాషరు వేయాలి, వేలితో తిప్పి చూడాలి. బిగుసుకుంటే తీసి ఇంకొకటి. మామగారు ఎదురుగా స్టూలు మీద కూర్చుని షాఫ్టు పట్టుకున్నారు. వాషర్లు వేయడం, తీయడం పెద్దల్లుడి పని.

"అది కాదండీ."

తీశాడు. వేశాడు.

"అదీ కాదు."

మళ్ళీ తీశాడు. నూనె చేతి నుంచి మణికట్టుకు, మణికట్టు నుంచి చొక్కాకు పాకింది.

"అబ్బ! కాదయ్యా! ఇందాక తీసిందే మళ్ళీ వేస్తావేం? కళ్ళు నెత్తికెక్కాయా?" మామగారు అతని చేతి మీద చిన్న దెబ్బ వేసి, వాషరు లాక్కుని, తామే ఇంకొకటి తొడిగి తిప్పారు. గేరు వెన్నలా తిరిగింది. "ఇదీ! చూశావా? దీన్ని పక్కన పెట్టు. కలిపావంటే తంతాను."

"కలపనండీ" అన్నాడు పెద్దల్లుడు. అతని మొహంలో వెలుగు చూడవలసిందే.

చేయడానికేమీ లేక చిన్నల్లుడు గోడకు ఆనించిన చక్రాన్ని కాసేపు తిప్పాడు. ఈల వేయబోయి మానేశాడు. బేరింగుల పొట్లం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"మావా, నేనేం చెయ్యను?"

మామగారు తల ఎత్తలేదు. "కిరోసిన్ అయిపోయింది. వెళ్ళి పట్రా."

"నేనా? అన్నయ్య కారుంది కదా."

"ఆయన పనిలో ఉన్నాడు కనబడ్డంలేదూ?"

చిన్నల్లుడు డబ్బా తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయి, ఒకే షాఫ్టు మీదకు వంగిన ఆ రెండు తలల వంక చూస్తూ నిలబడ్డాడు. అతని కళ్ళలో ఉన్నదేమిటో పెద్దల్లుడు ఇట్టే పోల్చుకున్నాడు. ఏళ్ళ తరబడి వరండాలో కూర్చుని తాను మోసిన సరుకే అది. జాలి పడాలేమో అనుకున్నాడు. ఎంత వెతికినా అతనికి జాలి దొరకలేదు.

"తమ్ముడూ," అన్నాడు, వాషరును వేళ్ళ మధ్య పట్టుకుని, "కాస్త పక్కకు జరుగు. వెలుతురు రావడంలేదు."