పీక లేని బతుకు

నేను ఒక ఆవిరిగొట్టాన్ని. పెన్నును కాను, పెన్‌డ్రైవును కాను, మందును అంతకంటే కాను. ఈ ముక్క ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే అమ్మినవాడు ఒకటన్నాడు, కొన్నవాడు ఇంకొకటి అనుకున్నాడు, చివరికి పెళ్లిపందిట్లో జరిగిన అప్రతిష్ఠంతా తెచ్చి నా నెత్తిన రుద్దారు. ఆ వేళకి నేను చార్జింగ్ లేక చచ్చి పడి ఉన్నాను. నోరులేనివాళ్ల మీద నేరం మోపడం మనుషులకి ఎంత అలవాటో తెలియాలంటే నా కథ వినండి.

సముద్రాల అవతల ఎక్కడో ఒక కర్మాగారంలో పుట్టాను. బొటనవేలంత లావు, జానెడు కంటే తక్కువ పొడవు. ముక్కులకి గుడ్డలు కట్టుకున్న ఆడపిల్లలు నా పొట్టలో బ్యాటరీ పెట్టారు, గొంతులో సన్నటి తీగచుట్ట బిగించారు, తోక దగ్గర నీలం రంగు దీపం అతికించారు. పీలిస్తే దీపం వెలుగుతుంది, తీగ వేడెక్కుతుంది, లోపలి ద్రవం ఆవిరై నోట్లోకి వెళుతుంది. ఆ ద్రవానికి మామిడిపండు వాసన కలిపారు. అది ఏ చెట్టు మామిడో ఆ దేవుడికే తెలియాలి. విజయనగరం వచ్చాక ఒకసారి నిజం మామిడిపళ్ల బండి పక్కనుంచి వెళ్లినప్పుడు నాకు తలకొట్టేసినట్టయింది. నా ద్రవంలో నికోటిన్ కూడా కలిపారు. సిగరెట్టులో మనిషిని కట్టిపడేసేది అదే, నాలో ఉన్నదీ అదే. అట్టపెట్టె మీద ఆ మాట చీమ తలకాయంత రాశారు, మామిడిపండు బొమ్మ అరచెయ్యంత వేశారు. మోసం ఎక్కడ మొదలైందో మీరే చూసుకోండి.

ఈ దేశంలో నన్ను అమ్మడం నేరమట. అందుకని ఒక సెల్‌ఫోన్ల షాపులో, అడుగు అరలో, ఎవరూ కొనని పాత ఫోన్ల కవర్ల కింద పడుకోబెట్టారు. సరే, నేరమే, ఒప్పుకుంటాను. కానీ ఎదురుగా ఉన్న పాన్‌డబ్బా మాటేమిటి? అక్కడ సిగరెట్టు పెట్టెలు దర్జాగా బొమ్మలకొలువులా పేర్చి ఉండేవి. నిప్పు కోసం లైటరుకి తాడు కట్టి వేలాడదీశారు. పెట్టె మీద కుళ్లిన ఊపిరితిత్తుల బొమ్మ ఉంటే, కొన్నవాడు ఆ బొమ్మని లోపలివైపుకి తిప్పి జేబులో పెట్టుకుని పోయేవాడు. అర సందులోంచి ఇదంతా చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

అలాంటి రోజుల్లో షాపుకి గౌరీసు వచ్చాడు. ఆయన సన్నాయి విద్వాంసుడు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో గౌరీసు మేళం లేనిదే ముహూర్తం పెట్టుకోని ఇళ్లు చాలా ఉండేవి. అటు సన్నాయి ఊదేవాడు, ఇటు సిగరెట్లూ ఊదేసేవాడు. తెలుగువాళ్లు ఆ రెండు పనులకీ ఒకే మాట పెట్టుకున్నారు, ఇక పాపం ఊపిరితిత్తులకి తేడా ఎలా తెలుస్తుంది?

కిందటి పెళ్లిళ్ల కాలంలో, పెళ్లికూతుర్ని తీసుకొస్తుండగా, కల్యాణి రాగంలో పైకి వెళ్లిన ఆయన ఊపిరి మధ్యలో తెగిపోయింది. పక్కన డోలు వాయిస్తున్న బావమరిది చిన్నారావు గబగబా నాలుగు దెబ్బలు గట్టిగా వేసి కప్పిపుచ్చాడు. జనానికి తెలియలేదు గానీ గౌరీసుకి తెలిసింది. ఆయన ఊపిరి పోతే మేళం పోయినట్టే, మేళం పోతే దాన్ని నమ్ముకున్న నాలుగిళ్లూ రోడ్డున పడ్డట్టే. పెళ్లివారు ఇప్పటికే పెద్ద పెద్ద స్పీకర్లు అద్దెకి తెచ్చుకుంటున్నారు.

పట్నంలో ఛాతీ డాక్టరు ఆయన వీపు మీద గొట్టం పెట్టి విని, పొగ మానకపోతే సన్నాయి మానాలి, ఏది కావాలో తేల్చుకో అన్నాడు. ఇంకోమాట కూడా చెప్పాడు. సిగరెట్టు కావాలని ప్రాణం కొట్టుకోవడం ఎక్కిళ్ల లాంటిదట, వస్తుంది, కాసేపు ఉండి పోతుంది. ఆ కాసేపూ చేతికీ నోటికీ ఏదో ఒక పని చెప్పి గడిపేస్తే చాలు అన్నాడు. గౌరీసు మొదటి మాట ఇంటికి తెచ్చుకున్నాడు, రెండోది ఆస్పత్రి మెట్ల మీదే వదిలేశాడు.

ఆయన ఫోను బాగుచేయించుకోవడానికి వస్తే, దగ్గు విన్న షాపువాడు అటూ ఇటూ చూసి నన్ను బయటికి తీశాడు.

"ఇది పొగ కాదు గురువుగారూ. ఉత్త ఆవిరి."

ఆవిరి! ఆ ఒక్క మాటతో నా కొంప మునిగింది. ఈ దేశంలో జలుబు చేస్తే నీళ్లలో పసుపు వేసి కాచి, నెత్తిన దుప్పటి కప్పుకుని పట్టేది ఆవిరి. పసిపిల్లలకీ పట్టిస్తారు, బాలింతలకీ పట్టిస్తారు. ఆ మాట చెవిన పడగానే గౌరీసు ముఖం విచ్చుకుంది. నన్ను రెండు చేతులా అందుకున్నాడు. నేను లోపల గింజుకుంటున్నాను, నేను ఆ ఆవిరిని కాదు మహాప్రభో అని. వినేదెవరు?

ఇంటికి తీసుకెళ్లి నన్ను మందులాగే వాడాడు, అన్నానికి ముందు, అన్నం తిన్నాక. మొదట్లో ఆయన అవస్థ చూస్తే నాకే జాలేసేది. పొద్దున్న టీగ్లాసు పట్టుకోగానే రెండో చెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి వెళ్లేది. అక్కడ పెట్టె ఉండేది కాదు. చెయ్యి ఏం చెయ్యాలో తెలియక జేబులోనే ఉండిపోయేది. బస్టాండులో ఎవడో ముక్కూమొహం తెలియనివాడు సిగరెట్టు కాలుస్తుంటే, బస్సు ఎక్కడం మానేసి వాడి వెనకే నిలబడేవాడు. "నోరు పీకేస్తన్నాదిరా" అని చిన్నారావుతో అని నన్ను బయటికి తీసేవాడు.

నా దగ్గరున్నది నేను ఇచ్చాను. తీసుకున్నాక కాసేపు నెమ్మదించేవాడు. కానీ ఆయన చేతికి కావలసింది నా దగ్గర లేదు. గీయడానికి అగ్గిపుల్ల లేదు, రాల్చడానికి బూడిద లేదు, అన్నిటికంటే ముఖ్యంగా పారేయడానికి పీక లేదు. సిగరెట్టు ఎంత పాపిష్టిదైనా దానికో మర్యాద ఉంది, అయిపోతుంది. చివర పీక మిగులుతుంది, పారేసి పనిలో పడతారు. నాకు చివరంటూ లేదే! అందుకని స్నానాల గదిలో నేనే, పశువుల పాక దగ్గర నేనే, దుప్పట్లో కూడా నేనే. సిగరెట్లు కాల్చే రోజుల్లో కనీసం మధ్యమధ్య మామూలు గాలి పీల్చేవాడు.

ఈ సంగతి కనిపెట్టింది ఆయన తల్లి పోలమ్మ. ఆమెది చుట్ట అలవాటు, అదీ అడ్డపొగ. అంటే కాలుతున్న కొస నోట్లోకి పెట్టుకుని తాగుతుందన్నమాట. ఆ పక్క ఊళ్లలో పెద్దవయసు ఆడవాళ్లు కొందరికి అది మామూలే. నన్ను చూస్తే వణుకు పుట్టే దేశంలో నిప్పుని నోట్లో పెట్టుకునే మనుషులున్నారని అప్పుడే తెలిసింది. కొడుకు పీలుస్తుంటే నా తోకన వెలిగే నీలం దీపం చూసిందామె. ఇలా తే అని లాక్కుని, దీపం ఉన్న కొసే నిప్పనుకుని, తోకవైపు నోట్లో పెట్టుకుని గట్టిగా లాగింది. ఏమొస్తుంది? గౌరీసు నవ్వలేక చస్తూ నన్ను తిప్పి పెట్టాడు. మామిడి ఆవిరి గొంతుకి తగిలి ముసలామె పొలమారింది. కళ్లు తుడుచుకుని నన్ను ఆ కొస నుంచి ఈ కొస దాకా తడిమి చూసింది.

"దీని పీకేదిరా? పీక లేపోతే అయిపోనాదని నీకెలా తెలుస్తాది?"

కొడుకు నన్ను లాక్కుని జేబులో వేసుకున్నాడు. నేను మాత్రం ఆ మాటకి ఆమెకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఇంతలో పెళ్లి వచ్చింది. పేరున్న కుటుంబం, పెద్ద కల్యాణమండపం, పొద్దుటి ముహూర్తం. ఇక్కడ బాగా వాయిస్తే ఆ ఏడాదంతా పిలుపులు వస్తాయని చిన్నారావు ఊరంతా చెప్పుకున్నాడు. గౌరీసు దారి పొడవునా నన్ను పీలుస్తూనే వచ్చి, మండపం మెట్లెక్కేసరికి నా ప్రాణం తీసేశాడు. చార్జింగ్ పెడదామంటే ప్లగ్గులన్నీ వీడియోవాళ్ల దీపాలకే సరిపోయాయి. నా నీలం దీపం రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. ఆయన పంచె రొంటిలో నేను చచ్చి పడి ఉన్నాను. ఈ మాట గుర్తుంచుకోండి.

అక్కడినుంచి ఆయన కాళ్లు నిలవలేదు. ముహూర్తానికి ఇంకా వేళుంది కదా అని, సన్నాయిని చిన్నారావు పక్కన పెట్టి వంటశాల వెనక్కి నడిచాడు. వెళుతూ వెళుతూ సన్నాయి పీకని ఊడదీసి చేతిలో పట్టుకున్నాడు, నోటి తడితో నానబెట్టుకోవడానికి. సన్నాయికి పీకే ప్రాణం. రెల్లుగడ్డితో చేసిన చిన్న నాలుక అది, బాగా నానితేనే పలుకుతుంది. దాన్ని నోట్లో పెట్టుకుంటే సరిపోయేది. కానీ వంటవాళ్లలో ఒకాయన సిగరెట్టు వెలిగించాడు. గౌరీసు సిగ్గు విడిచి ఒకటి అడిగి పుచ్చుకున్నాడు.

ఎన్నాళ్లకో దొరికిన సిగరెట్టు! కళ్లు మూసుకుని లాగాడు. ఒక చేతిలో సిగరెట్టు, ఒక చేతిలో సన్నాయి పీక. సిగరెట్టు చివరికొచ్చింది, ఆ చేతిలోదీ పీకే అయింది. అప్పుడు చిన్నారావు పరుగెత్తుకొచ్చాడు.

"బావా, ఆ పీక పారీసి రా! తాళి కట్టీస్తన్నారు!"

గౌరీసు అదిరిపడి పీక పారేశాడు. గంజి వంపే కాలవలోకి విసిరేసి పందిట్లోకి పరుగెత్తాడు. కూర్చుని, సన్నాయి ఎత్తి, పిడికిలి విప్పి చూసుకుంటే అరచేతిలో సిగరెట్టు పీక ఉంది.

పంతులుగారు చెయ్యి ఊపేశారు. గట్టిమేళం, గట్టిమేళం అని నలుగురూ కేకలేస్తున్నారు. సన్నాయికి దారంతో వేలాడే వేరే పీకలున్నాయి, కానీ ఎండిపోయి ఉన్నాయి. దొరికిందాన్ని బిగించి ఊదాడు. తాళి కట్టే వేళ ఆ సన్నాయి చేసిన చప్పుడు సన్నాయి చప్పుడు కాదు. మెడ పట్టుకున్న బాతు అరిచినట్టు కీచుమంది. దానికి తోడు అప్పుడే లాగిన పొగ దగ్గై తన్నుకొచ్చింది. మూడుముళ్లు పడేదాకా డోలు ఒక్కటే మోగింది. అక్షింతలు పట్టుకున్న చేతులు గాల్లోనే ఆగిపోయాయి. పెళ్లికూతురి తాతగారు ఒకసారి గౌరీసు వైపు చూసి తల తిప్పుకున్నారు, అంతే.

తిరిగి వెళుతూ వ్యానులో గౌరీసు నన్ను రొంటిలోంచి తీసి అందరికీ చూపించాడు. దీన్ని నమ్ముకున్నందుకు నా పరువు గంగలో కలిసిందన్నాడు. అవునవును, దీనివల్లే అని మేళంలో తాళం వేసేవాడు కూడా తల ఊపాడు. నావల్లా? సిగరెట్టు అడుక్కున్నది నేనా? పీక విసిరింది నేనా? నన్ను పీల్చి పీల్చి చంపిందెవరు? నాకే నోరుంటే ఆ వ్యాను అక్కడే ఆపించి పంచాయితీ పెట్టించేదాన్ని. నోట్లో పెట్టుకోవడానికే పుట్టాను గానీ నాకు నోరెక్కడిది!

ఇంట్లో పోలమ్మకి చిన్నారావు అంతా చెప్పాడు. ఆమె చుట్ట తీసి పక్కన పెట్టి కొడుకు ముఖంలోకి చూసింది.

"ఏ పీక పారీసినావురా?"

గౌరీసు నన్ను తీసి గూట్లో పడేశాడు.

"ఒక నోట్లోన రెండు పీకలు పట్టవు నాయినా. ఏది ఉంచుకుంతావో నువ్వే సూసుకో."

అంటూనే చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుంది. తనకి ఆ నియమం వర్తించదు కాబోలు. మనుషులతో నాకు ఇదే చిరాకు.

మర్నాడు టీ తాగాక ఆయన చెయ్యి అలవాటు కొద్దీ జేబు వెతికింది. నన్ను తీశాడు, చార్జరు తీశాడు, మళ్లీ రెండూ గూట్లో పెట్టేశాడు. కొత్త సన్నాయి పీక ఒకటి నోట్లో పెట్టుకుని పంటి కింద బిగించాడు. చెమటలు పట్టాయి. పిల్లిని తిట్టాడు, భార్యని తిట్టాడు, అప్పుడే గుమ్మంలోకి వచ్చిన చిన్నారావునీ తిట్టాడు. కొరికి కొరికి ఆ పీకని పనికిరాకుండా చేశాడు. కానీ నోట్లో పీక ఉన్నంతసేపు ఇంకోటి పట్టలేదు. కాసేపటికి ఎక్కిళ్లు ఆగినట్టు ఆ బాధ ఆగింది. మధ్యాహ్నం మళ్లీ వచ్చింది, మళ్లీ పీక. డాక్టరు చెప్పిన రెండో మాట ఆస్పత్రి మెట్ల మీంచి ఇంటికి నడిచి రావడానికి ఇన్నాళ్లు పట్టింది. ఒకటి రెండుసార్లు గూటి దాకా వచ్చి నన్ను ముట్టుకుని వెళ్లాడు. పిలవకపోతే నేనూ పలకలేదు. నాకూ అభిమానం ఉంటుంది.

ఆ తర్వాత నన్ను అదే షాపుకి తీసుకెళ్లాడు. పుదీనా వాసనది కొత్తగా వచ్చింది గురువుగారూ అన్నాడు షాపువాడు, కొంచెం కూడా సిగ్గులేకుండా. గౌరీసు వద్దని, నా పొట్టలోని బ్యాటరీ, తీగచుట్ట, మిగిలిన మామిడి కంపు అన్నీ తీయించేశాడు. ఇంటికొచ్చి సబ్బునీళ్లతో కడిగి ఎండలో పెట్టాడు. నన్ను ముక్కలు చేసి పాత ఇనుములో పడేస్తాడనుకుని బిగపట్టుకున్నాను. తడిపి చుట్టిన మెత్తటి గుడ్డలో సన్నాయి పీకని పెట్టి, ఆ చుట్టని నా పొట్టలోకి జార్చి, మూత పెట్టాడు.

ఇప్పుడు పెళ్లిళ్లలో ఆయన రొంటిలోనే ఉంటున్నాను. భోజనాల దగ్గర ఎవరైనా సిగరెట్టు వెలిగిస్తే ఆయన చెయ్యి గబుక్కున నా మీదికి వస్తుంది. మూత తీసి, పీక నోట్లో పెట్టుకుని, అక్కడినుంచి లేచి వచ్చేస్తాడు. మొన్న ఒక పెళ్లికూతుర్ని తీసుకొస్తుంటే మళ్లీ కల్యాణి ఎత్తుకున్నాడు. పోయినసారి తెగిన చోటుకి వచ్చేసరికి చిన్నారావు డోలు మీద చెయ్యి సిద్ధంగా పెట్టుకున్నాడు. ఆ చెయ్యి కిందికి దిగలేదు, దిగవలసిన అవసరం రాలేదు.

ఇదేమిటండీ అని ఎవరైనా అడిగితే పీకల డబ్బీ అంటాడు గౌరీసు. ఆ వ్యానులో నా మీద వేసిన నిందకి మాత్రం ఈ రోజుకీ ఒక్క మాట వెనక్కి తీసుకోలేదు. తీసుకోడు కూడా, నాకు తెలుసు. పోనివ్వండి. కానీ నాకు నోరంటూ వస్తే ఆ ముసలామెకి ఒక్క సంగతి చెప్పాలని ఉంది. దీని పీకేదిరా అని అడిగావు కదమ్మా, ఇదిగో, నా కడుపులో ఉంది.