సత్యమ్మ వేసిన ముడి

అగ్గిపుల్లంత కూడా లేదు, ఇంతదానికి ఇంత భయమా, అనుకుంటూనే సత్యమ్మ దవాఖాన గోడమీది కాగితాన్ని మళ్లీ మొదటినుంచి చదవసాగింది, చేతి చర్మం కింద అమర్చే సన్నని పుల్ల, మూడేళ్ల దాకా గర్భం రాదు, వద్దనుకుంటే తీయించుకోవచ్చు, ఒక్కో అక్షరాన్నీ కళ్లతో గట్టిగా పట్టుకుని చదివింది, ఆమెకు బడి తెలియదు, బస్సు బోర్డులే పలకలు, బాన్సువాడ బస్టాండులో ఎవరినో ఒకరిని సాగనంపుతూ నేర్చుకున్న అక్షరాలివి, తమ్ముడు పనికి పరదేశం పోయిన రోజు బోధన్ బోర్డులో బో, చిన్నక్కను రుద్రూర్‌కు ఇచ్చిన ఏడు రు, కూతురు వైశాలి కాపురానికి పోయిన నాడు మద్నూర్ అంతా ఒక్కసారే వచ్చేసింది, ఇప్పటికీ ఎక్కడైనా మ కనిపిస్తే మొహం తిప్పుకుంటుంది, ఈ కాగితం మీద కూడా ఉంది, చూడకూడదనుకుంటే అదే కనిపిస్తోంది.

పరదా అవతల బల్ల మీద కోడలు వందన కూర్చుని ఉంది, ఇద్దరాడపిల్లల తల్లి, చిన్నది ఇంకా చంక దిగలేదు, ఇద్దర్నీ పక్కింట్లో విడిచొచ్చారు, ఒంట్లో రక్తం లేదని డాక్టరమ్మ చెప్పినా అఖిలేశ్ వినడు, తను కన్న కొడుకే, ఒక్క మగపిల్లగాడు పుట్టనీ అమ్మా, గప్పుడు ఆపరేషనే చేపిద్దాం అంటాడు, మొన్న బియ్యం చెరుగుతూ వందన చేట ఆపి, అత్తమ్మా, నాకిప్పుడు వద్దు, నా పానం ఓపుతలేదు, అంది, మద్నూర్ అల్లుడు కూడా అచ్చం ఇలాగే, ఒక్కడు పుట్టనీ అత్తమ్మా అన్నాడు, మూడో కాన్పుకు వైశాలి ఆ రోడ్డు మీద, లారీల నడుమ, ఆటోలోనే, రక్తం ఆగక, సత్యమ్మ అంతకన్నా ముందుకు పోదు, మనసును జుట్టు పట్టుకుని వెనక్కి లాగుతుంది, అది మళ్లీ అక్కడికే పోతుంది.

అక్కా, గీ తాయెత్తు తీయాలె, పుల్ల గీడనే ఏసేది, లోపల నర్సు మాసూమా గొంతు, ఆ వెంటనే గాజుల చప్పుడు, వద్దు సిస్టర్, కోయకు, మా అత్తమ్మ కట్టింది, కట్టినోళ్లే ఇప్పాలె, గది గూడ కొడుకు పుట్టినంకనే, అవును, అఖిలేశ్ తెచ్చి చేతిలో పెడితే తనే కట్టింది, పసుపు నీళ్లలో తడిపి బిగించింది, అట్లయితే కుడి చేతికేస్త తీ, పని చేసే చెయ్యి, జర నొస్తది, తాయెత్తు గట్లనే ఉండనీ, అంటోంది మాసూమా, ఎంత తేలిక, ఎవరికీ తెలియదు, కానీ నెలనెలా ఇల్లంతా ఈ పిల్ల కడుపు వంకే చూస్తుంది, గొడ్డుబోయిందంటారు, వాడు ఇంకో తాయెత్తు తెస్తాడు, అదీ తనే కట్టాలి, కట్టదు, ఇంక కట్టదు, మోకాళ్లు పట్టుకుని లేచింది, పరదా తోసింది.

నోరు తెరిస్తే భయమే ముందొచ్చింది, సిస్టరమ్మా, గది రక్తంల కొట్టుకపోయి గుండెకు తాకదు గదా, తాకదవ్వా, తోలు కిందనే ఉంటది, ముట్టి చూస్కోవచ్చు, కొత్తది గదా సిస్టరమ్మా, మా మీదనే మొదలా, సర్కారు దవాఖానకే కొత్తవ్వా, బయటి దేశాలల్ల ఎన్నేండ్ల సందో ఉంది, ముట్టు ఎన్కముందు అయితది, ఫికర్ పడకుండ్రి, ఏమన్నయితే రాండ్రి, మరి మొగని సంతకం, మాసూమా నవ్వింది, చెయ్యి గాయనది గాదు గదా అవ్వా, వందన కూడా నవ్వింది, ఎన్నాళ్లకు, ఇప్పాల్నా బిడ్డా అని సత్యమ్మ అడిగితే చెయ్యి చాపి, ఇప్పు అత్తమ్మా, అంది.

ముడి చెమటకు రాయిలా బిగిసింది, గోళ్లు చాలలేదు, కత్తెర ఉందవ్వా అంటున్నా వినకుండా మిగిలిన పళ్లతో కొరికి లాగుతుంటే సంచిలో ఫోను మోగింది, అఖిలేశ్, ఏడ ఉన్నరమ్మా, వందన ఫోనెత్తుతలేదేంది, దవాఖానల ఉన్నం, నేను కట్టింది నేను ఇప్పుతున్న, ఎవల్నడిగి ఇప్పుతున్నవ్, కట్టమన్ననాడు నువ్వెవల్నడిగినవ్‌రా, దాన్నడిగినవా, అటువైపునుంచి కేక, ఇంటికి రానీ, దాన్ని వర్ని బస్సెక్కిస్త, తల్లిగారింటికి తోలేస్త, కేక వందనకూ వినబడింది, చెయ్యి వెనక్కి తీసుకోబోయింది, సత్యమ్మ వదల్లేదు, సత్యమ్మకు బస్టాండు కళ్ల ముందు తిరిగింది, హారన్, దుమ్ము, కిటికీలోంచి ఊగుతూ చిన్నదైపోయే చెయ్యి, తోలురా, అంది, వర్ని బోర్డు నాకు సదవొస్తది, ఇద్దరం ఎక్కుతం, పిల్లల్ని గూడ తీస్కపోతం, నీ తాయెత్తు నీ చేతికి కట్టుకో.

ముడి ఊడింది, దారం ఒరుసుకున్న చోట తెల్లటి గీత, దాని మీద మాసూమా దూది రుద్దుతోంది, సూది దిగినప్పుడు వందన వేళ్లు బిగుసుకున్నాయి, ఆ వేళ్లను పట్టుకునే సత్యమ్మ మనసులో వర్ని బస్సెక్కింది, కిటికీ పక్కన కూర్చుంది, బండి కదిలింది, పక్కన ఈ పిల్ల ఉంది, చెయ్యి ఊపాల్సిన పని లేదు, వింతగా ఉంది, బస్సు కదిలిన ప్రతిసారీ కింద నిలబడిపోయేది తనే కావాలని ఏ బోర్డు మీదా రాసి లేదు.