పన్నెండు పొడి ఆవులు

పన్నెండు పొడి ఆవులు! అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో చరిత్ర చెప్పే ఉదయ్ కుమార్ సార్ నోట్సులో అచ్చంగా అట్లాగే పడింది. పన్నెండు వందల ఏళ్ల కిందట ఐరోపాలో ఒక మఠం తన పొలాలనూ పశువులనూ లెక్క రాయించుకుంది. ఆ జాబితాను సార్ కంప్యూటర్ చేత తెలుగు చేయించారు. ఇంగ్లీషులో ‘డ్రై’ అయిన ఆవులు తెలుగులోకి వచ్చేసరికి పొడి అయిపోయాయి. క్లాసంతా పగలబడి నవ్వింది. సార్‌కు చిర్రెత్తుకొచ్చింది.

"తెలుగుల మాటలు లేకపోతే నేనేం జెయ్యాలె? వచ్చే నెల నుంచి తెలుగు నోట్స్ బంద్. అందరు ఇంగ్లీషే చదువుకోండ్రి."

నవ్వనిది త్రివేణి ఒక్కతే. పరీక్ష ఇంగ్లీషులో రాయాల్సి వస్తే తనకిక లెక్చరర్ ఉద్యోగం కలలో మాటే. "సాయంత్రం దాక టైమియ్యండి సార్, నేను మంచిగ రాసుకొస్త," అనేసింది.

అన్నంత సులువా? చిక్కడపల్లి హాస్టల్‌కు వచ్చి, డిక్షనరీ ముందేసుకుని తల పట్టుకుంది. సరిగ్గా అప్పుడే మక్క గారెల సంచితో ఊరి నుంచి నాయిన పోచయ్య దిగాడు. ఈయనకూ ఇవాళే తీరిందా అని విసుక్కుంది పిల్ల. వెంటనే ఆ విసుగుకు తనే సిగ్గుపడి, బెంచీ మీద ఆయన పక్కన కూర్చుని జాబితా చదివింది.

"పొడి ఆవేంది బిడ్డా? పిండి గిర్నీల పట్టిస్తరా?" పోచయ్య బిత్తరపోయాడు. "పాలియ్యనిదా? వట్టిపోయిన ఆవు అను."

"రెండేండ్ల మగదూడ?"

"రెండు పండ్ల కోడె. నోరు తెరిచి చూస్తె వయసు తెల్వదా?"

"కడుపుతోని ఉన్నది?"

"సూడిది. మొదటి ఈతదైతే తొలుసూరి."

అడగడమే ఆలస్యం, మాట వచ్చి పడుతోంది. ఇన్ని మాటలున్న మనిషిని ఇన్నేళ్లూ చదువు రాని నాయిన అనే అనుకుంది త్రివేణి. డిక్షనరీ మూసేసింది.

సాయంత్రం ఇద్దరూ కలిసే సార్ దగ్గరికి నడిచారు. పోచయ్య మెట్లెక్కనని కింద బండ్ల దగ్గరే ఆగిపోయాడు. సార్ ఆ పేజీని రెండుసార్లు చదివారు.

"ఏ నిఘంటువుల దొరికినయమ్మా?"

"మా నాయిన పోచయ్య, సార్. కింద నిలబడ్డడు."

సార్ తనే కిందికి వెళ్లి, చెయ్యి పట్టుకుని పోచయ్యను పైకి తీసుకొచ్చారు. తన కుర్చీలోనే కూర్చోబెడితే ఆయన అంచు మీద ఒదిగి కూర్చున్నాడు.

"తెలుగు నోట్స్ నడుస్తయి పోచయ్యగారు. ఒక్క డౌటు. ఈ లిస్టుల ఒక ముసలి ఎద్దున్నది. దున్నదు, బండి గుంజదు. దాన్నెందుకు రాసుకున్నట్టు?"

పోచయ్యకు అదో ప్రశ్నగా తోచనే లేదు.

"కొట్టంల ఉన్నదాన్ని రాయకుంటరా సారు? అన్నిటిని రాసి దాన్నొక్కదాన్ని ఇడిసిపెడితె, దాని మనసు నొవ్వదా?"

పరీక్షలో ఆ జవాబుకు మార్కులు పడతాయో లేదో గానీ, ఉదయ్ కుమార్ సార్ మాత్రం పెన్ను తీసి, ఒక్క అక్షరం మార్చకుండా దాన్ని తెలుగులోనే రాసుకున్నారు.