తొమ్మిదిసార్లు తడిపిన టర్కీ

మా అత్తగారు వెర్నా నలభై ఏళ్లుగా థాంక్స్‌గివింగ్ పండక్కి టర్కీ కోడిని తానే కాలుస్తున్నారు. చీకటితోనే లేచి దాన్ని ఓవెన్‌లో పెట్టి, అరగంటకోసారి తలుపు తెరిచి, అడుగున దిగిన రసాన్ని గరిటెతో తీసి పైన పోస్తారు. కిటుకంతా ఆ తడపడంలోనే ఉందని ఆవిడ నమ్మకం. మధ్యాహ్నానికి మాంసం రంపపు పొట్టులా తేలేది. మేమంతా గ్రేవీలో ముంచి, మంచినీళ్లతో దిగమింగి, పోయినేడాది కంటే బాగా కుదిరిందనేవాళ్లం. ఆ మాట అందరికంటే ముందు అనేది మామగారు ఆర్లో.

మొన్న నవంబరులో చర్చి మెట్ల దగ్గర మంచు మీద జారిపడి అత్తగారి మణికట్టు విరిగింది. గరిటె నా తోడికోడలు కాలీన్ చేతికి వచ్చింది, దాంతోపాటు నాలుగు పేజీల సూచనలూ వచ్చాయి. కాలీన్ వాటిని శ్రద్ధగా చదివి, మడిచి, సొరుగులో పెట్టేసింది. తర్వాత నన్ను వంటింట్లోకి పిలిచి, రసం బయటికి పోకుండా మాంసాన్ని మూతికట్టి కాల్చే సంచి, ఓవెన్ బ్యాగు చూపించింది. ఆ మాట ఎత్తితేనే అత్తగారికి గిట్టదు. అది వంట రానివాళ్ల పని అంటారు.

బ్యాగులో చెంచాడు మైదా వేసి దులిపాం. ఉల్లిపాయలు, సెలరీ కాడలు పరిచి, వెన్న రాసిన పదహారు పౌండ్ల టర్కీని పడుకోబెట్టి మూతి కట్టాం. ఆవిరి పోవడానికి పైన ఆరు గాట్లు పెట్టాం. ఇక రెండున్నర గంటలు దాని జోలికి పోనక్కర్లేదు.

కానీ అత్తగారు ముందుగదిలో టీవీ దగ్గర కూర్చుని, అరగంట కాగానే తడిపావా అని కేకేసేవారు. కాలీన్ ఓవెన్ కింద పళ్లేలుండే అరను చప్పుడయ్యేలా లాగి మూసి, తడిపానత్తయ్యా అనేది. ఉదయం నుంచీ అలా తొమ్మిదిసార్లు లాగింది. అందులో మొదటి నాలుగుసార్లకి టర్కీ ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది.

రెండింటికి భోజనాలకి కూర్చున్నాం. ఆర్లో అలవాటుగా గ్రేవీ గిన్నె అందుకుంటూనే ఒక ముక్క నోట్లో వేసుకుని ఆగిపోయారు. గ్రేవీ గిన్నె పక్కన పెట్టేశారు. పెళ్లయ్యాక ఆయన అలా చేయడం అదే మొదలనుకుంటాను. బాగుందంటే నలభై ఏళ్లూ బాగాలేదన్నట్టవుతుంది కాబట్టి మేమంతా తినడంలో పడ్డాం.

అత్తగారు ఎడమచేత్తో ఫోర్క్ పట్టుకుని మెల్లగా నమిలారు.

"ఎన్నిసార్లు తడిపావు?"

"తొమ్మిదిసార్లు," అంది కాలీన్, పళ్లెంలోంచి తలెత్తకుండా.

"చూశారా? నేను చెప్పేదదే. తడపాలి. ఈ ఇంట్లో నా మాట విన్నది ఈ పిల్లొక్కతే."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చిందట కాలీన్‌కి. ఆ కళ్లు చూశాక మానుకుందట. ఆర్లో మాత్రం మూడోసారి వడ్డించుకున్నారు.

అంతటితో అయిపోతుందనుకున్నాం. అత్తగారు చర్చి మహిళా సంఘంలో చెప్పేశారు. క్రిస్మస్‌కి ముందు కాలీన్ అందరికీ టర్కీ తడపడం నేర్పాలట. ఇరవైరెండు మంది ఆడవాళ్ల ముందు ఇక ఏ అరా లాగడానికి లేదు. పాపం, నిజంగానే తడిపింది. టర్కీ ఎప్పట్లాగే ఎండిపోయింది. వాళ్లంతా గ్రేవీ దండిగా పోసుకుని తిని, ఇంత మెత్తటి టర్కీ పుట్టి ఎరగమన్నారు. పాస్టరు గారి భార్య ఒర్లీన్ గరిటె ఏ కోణంలో పట్టాలో రెండుసార్లు అడిగి మరీ రాసుకుంది.

ఆ శనివారం కాలీన్, నేను ఎవరి కంటా పడకుండా బ్యాగులు కొనుక్కోవడానికి ముప్ఫై మైళ్ల అవతలి దుకాణానికి పోయాం. అక్కడ బ్యాగులుండే అల్మరా ముందు ఒర్లీన్ నిలబడి ఉంది. ఆవిడ సామాన్ల బండిలో నాలుగు పెట్టెల ఓవెన్ బ్యాగులున్నాయి.

"మా చెల్లెలికి," అందావిడ.

"మాదీ అంతే. మా చెల్లెలికే," అంది కాలీన్.

కాలీన్‌కి చెల్లెళ్లు లేరు.