చెల్లెలి డబ్బా కొలత

మా చెల్లెలు మంచం మీద సంచీ తెరిచి పెట్టుకుని ఒక్కొక్కటే సర్దుకుంటోంది. నాలుగు జతల బట్టలు, దువ్వెన, కళ్ళజోడు పెట్టె, మోకాళ్ళ నొప్పి తైలం. తైలం సీసా మూత సరిగ్గా బిగించలేదని నేను తీసి బిగించాను. శాలువా అడుగున పెట్టిందని తీసి పైన పెట్టాను. దువ్వెన నాదేమోనని తీసి చూశాను.

“అక్కా, నేను సర్దుతుంటే నువ్వు విప్పుతున్నావు. ఈ లెక్కన ఆదివారం బండి కాదు, వచ్చే ఏడాది బండి కూడా అందదు.”

“తైలం కారితే బట్టలన్నీ పాడవుతాయే.”

“కారనీ. బట్టలకైనా మోకాళ్ళ నొప్పులు రాకుండా ఉంటాయి.”

తను నవ్వింది. నాకు నవ్వు రాలేదు. సర్దిన సంచీని చూస్తే నాకు భయం. మా నాన్నను ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు సంచీ సర్దింది నేనే. మా ఆయన వేరే ఊళ్ళో ఉద్యోగమని బయల్దేరిన రోజు సర్దిందీ నేనే. నాన్నను చావు తీసుకుపోయింది, ఆయన్ని ఇంకెవరో తీసుకుపోయారు. ఇద్దరూ గుమ్మం దాటేటప్పుడు త్వరగా వచ్చేస్తామనే అన్నారు. అప్పట్నుంచి నేను ఎవరి సంచీ సర్దలేదు.

నేను నలభై ఏళ్ళు బట్టలు కుట్టాను. చదువు ఎవరూ చెప్పలేదు. కొలతల పుస్తకంలో మనుషుల పేర్లు రాసుకోవడం కోసం అక్షరాలు నేర్చుకున్నాను. ఆ తర్వాత మందు సీసాల మీదివి, గోడల మీదివి, దొరికినవన్నీ చదువుకుంటూ పుస్తకాల దాకా వచ్చాను. చెల్లెలు నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. నా మిషను సంపాదన మీదే చదువుకుంది, పటాలు గీసే ఆఫీసులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయింది. రిటైరయ్యాక అందరూ మోకాళ్ళు పట్టుకు కూర్చుంటే, తను కంప్యూటరులో భవనాలు కట్టడం నేర్చుకుంది. గోడలు, మెట్లు, కిటికీలోంచి పడే ఎండ కూడా పెడుతుంది. చూస్తే ఆ ఇంట్లోకి నడిచి వెళ్ళినట్టే ఉంటుంది.

బండిలో రెండు గంటల దూరంలో ఒక ఊరుంది. అక్కడ కాలిపోయిన పాత నాటకశాలను, మిగిలిన ఫొటోలు చూసి తెర మీద మళ్ళీ కట్టాలట. ఆ పనికి నలుగురైదుగురు కలిసి ఒక చిన్న పనిశాల పెట్టారు. ఎవరి యంత్రం వాళ్ళే తెచ్చుకోవాలి. సోమవారం తొమ్మిదింటికి వాళ్ళ ముందు కూర్చుని ఒక మెట్ల వరస కట్టి చూపిస్తే, మూడేళ్ళ పని. అరవై దాటిన మనిషికి అలాంటి పిలుపు రావడమే గొప్ప.

“శనివారం శనివారం వచ్చేస్తానుగా,” అంది చెల్లెలు, రమ్మని ఉత్తరం వచ్చిన రోజునే.

పాత కంప్యూటరు ఈ పనికి చాలదు. సగం బొమ్మ గీసేసరికి కుంపటిలా వేడెక్కి ఆగిపోయేది. అందుకని చెల్లెలు కొత్తదానికి విడి భాగాలు కొనుక్కుంటూ వచ్చింది. వేడి తగ్గించడానికి నీళ్ళతో పనిచేసే కూలర్ తెచ్చింది. కంప్యూటరులో బాగా వేడెక్కే చోట బిగించే ఒక చిన్న మూత, దాన్నుంచి రెండు రబ్బరు గొట్టాలు, వాటి చివర జల్లెడలాంటి పొడుగాటి రేడియేటర్, దానికి వరసగా మూడు ఫ్యాన్లు. మూత కింద వేడెక్కిన నీళ్ళు గొట్టంలోంచి వెళ్ళి రేడియేటరులో చల్లబడి తిరిగొస్తాయి. ఇక మిగిలింది ఇవన్నీ బిగించే క్యాబినెట్. మేము డబ్బా అనేవాళ్ళం.

శుక్రవారం పొద్దున రేడియేటరును ఫ్యాన్లతో సహా నా టేపుతో కొలిచి పుస్తకంలో రాసుకున్నాను. మందం అయిదు సెంటీమీటర్ల మీద రెండు గీతలు. మా ఇంట్లో అది ఆనవాయితీ. బీరువా కొన్నా, మంచం కొన్నా, పొడవు వెడల్పులు తను చూస్తుంది, లోతు నేను చూస్తాను. “కాగితం మీద లోతు ఉండదక్కా, నాకు ఆ లెక్క రాదు,” అనేది. చివరి మాట నాది. పడుతుందంటే కొంటాం, పట్టదంటే వచ్చేస్తాం. నలభై ఏళ్ళలో నా లెక్క తప్పింది లేదు.

సాయంత్రం షాపుకి వెళ్ళాం. మా ఊళ్ళో ఇలాంటివి దొరికేది అక్కడొక్కచోటే. తలుపు మీద అట్టముక్క వేలాడుతోంది: శని, ఆదివారాలు సెలవు. చదవగలిగిందేదీ చదవకుండా దాటలేను కనుక అదీ చదివాను.

షాపతను మూడు డబ్బాలు దించాడు.

“ఇది బాగా పోతోందమ్మా. అద్దం తలుపు, లోపల రంగురంగుల లైట్లు.”

“లోపల ఎవరి పెళ్ళి బాబూ?” అంది చెల్లెలు.

“అందరూ అవే అడుగుతున్నారమ్మా. పోనీ ఈ తెల్లది చూడండి. చిన్నగా, తేలిగ్గా ఉంటుంది. మూడు ఫ్యాన్ల రేడియేటర్ పైన పడుతుందని అట్ట మీద రాసే ఉంది.”

“రాసినవన్నీ నిజాలైతే ఇంకేం. మా ఆఫీసులో నేను లేని రోడ్లు ఎన్ని గీశానో నీకు తెలీదు.”

అతను నవ్వి పక్కనున్న నల్లదాని మీద చెయ్యి వేశాడు. “అంత అనుమానమైతే ఇది తీసుకోండి. ఇందులో ఏదైనా పడుతుంది.”

“మా అక్కతో సహా పడుతుంది. దీన్ని బండెక్కించేదెవరు?”

తెల్లదాని పక్క తలుపు తీసి, స్టీలు స్కేలు పెట్టి పొడవు చూసుకుంది. నలభై పైనే ఉంది, సరిపోయింది. “లోతు చూడక్కా,” అని పక్కకి జరిగింది.

నేను లోపల చెయ్యి పెట్టాను. పై రేకు నుంచి, కంప్యూటరు భాగాలన్నీ గుచ్చే బోర్డు అంచు వచ్చే గీత దాకా టేపు పట్టాను. టేపు చెప్పకముందే వేళ్ళకి తెలిసిపోయింది. నాలుగు సెంటీమీటర్లు. రేడియేటర్ బిగించవచ్చు గానీ, కింద ఫ్యాన్లు వెళ్ళి బోర్డుకి కొట్టుకుంటాయి. చిటికెన వేలి మందం తక్కువ. నల్లదాంట్లోనూ చెయ్యి పెట్టాను. ఏడు. హాయిగా పడుతుంది.

“ఏమంటావక్కా?”

మొహమంతా వెలుగు పెట్టుకుని అడిగింది. నాకు ఆ మొహం కనబడలేదు. మంచం మీద సర్దిన సంచీ కనబడింది, తలుపు మీది అట్ట కనబడింది. ఇవాళ పట్టనిది కొంటే సోమవారం దాకా మార్చుకోవడానికి ఉండదు.

“పడుతుంది,” అన్నాను.

“ఇచ్చెయ్ బాబూ. మా అక్క పడుతుందంటే ఏనుగైనా పడుతుంది.”

అతను డబ్బాకి తాడు కడుతున్నంతసేపూ నేను స్టూలు మీద కూర్చుని కొలతల పుస్తకం తీసి రాసుకున్నాను. కొలిచింది రాయకపోతే నాకు చెయ్యి ఊరుకోదు. నలభై ఏళ్ళ అలవాటు.

శనివారం పొద్దున చెల్లెలు నేల మీద దుప్పటి పరిచి బిగించడం మొదలుపెట్టింది. పదకొండింటికి ఆగిపోయింది. రేడియేటరును ఇటు తిప్పింది, అటు తిప్పింది. ముందు వైపు పెడదామని చూస్తే, బొమ్మలు గీసే పొడుగాటి కార్డుకి చోటు లేకుండా పోయింది. డబ్బా తలుపు తీసేసి, రేడియేటరును బయటికి వేలాడదీసి తీసుకుపోదామా అని కూడా అనుకుంది. గొట్టాలు పేగుల్లా వేలాడాయి. షాపుకి ఫోను చేసింది. మోగి మోగి ఆగింది. నేను తేలు కుట్టిన దొంగలా వంటగదిలో నిలబడి, కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగాను.

మధ్యాహ్నం పనిశాల పెద్దాయనకు ఫోను చేసింది. ఒక్క వారం గడువు అడిగింది.

“లేదండీ, ఇంకొకాయన యంత్రంతో సహా సిద్ధంగా ఉన్నాడు. మీరు వస్తారని ఆయన్ని ఆపాం,” అన్నాడట.

ఫోను పెట్టేసి, సంచీ విప్పింది. బట్టలు, దువ్వెన, కళ్ళజోడు పెట్టె. తైలం సీసా చేతిలో పట్టుకుని కాసేపు కూర్చుంది.

“పోనీలే అక్కా. నువ్వు మాత్రం ఏం చేస్తావు? నీకూ డెబ్భై దాటాయి. నేనైనా మళ్ళీ కొలవాల్సింది. పక్కనే ఉండి కూడా నా కళ్ళకి ఆనలేదు. ఇంక నా వల్ల కాదు కాబోలు.”

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. తను నన్ను ఓదారుస్తుంటే, నేను ఓదార్పు తీసుకున్నాను. అంతకంటే సిగ్గుమాలిన పని నా జన్మలో చెయ్యలేదు.

తొమ్మిది రోజులు ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం. నేను కోరుకున్నదే జరిగింది. చెల్లెలు కంప్యూటరు ముందు కూర్చోలేదు. కూరగాయల ధర అడిగి, చెప్పాక మళ్ళీ అడిగేది. వీధిలో మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం మొదలుపెట్టింది. వారం కిందటి దాకా అవే మెట్లు గబగబా దిగిన మనిషి. “కళ్ళ డాక్టరుకి చూపించుకోవాలక్కా,” అంటే, “చూపించుకో,” అన్నాను.

పదో రోజు పక్కింటావిడ కోటు చేతులు పొట్టి చెయ్యమని వచ్చింది. నేను స్నానాల గదిలో ఉన్నాను. ఆవిడ పాత కొలత కోసం చెల్లెలు నా పుస్తకం తీసింది.

నేను బయటికొచ్చేసరికి పక్కింటావిడ వెళ్ళిపోయింది. చెల్లెలు బల్ల ముందు నిలబడి ఉంది. పుస్తకం తెరిచి ఉంది.

“ఇది నీ రాతేనా?”

చూడనక్కర్లేదు. అయినా చూశాను. శుక్రవారం తేదీ. కింద నా వంకర అక్షరాలు: చెల్లెలి డబ్బా, తెల్లది. పైన ఖాళీ నాలుగు. కావలసింది అయిదు మీద రెండు. పట్టదు. నల్లది ఏడు. పడుతుంది.

“నాదే.”

“ఎప్పుడు రాశావు?”

“అక్కడే. అతను తాడు కడుతుంటే.”

“అప్పటికే తెలుసన్నమాట.”

“తెలుసు.”

“మరి ఎందుకక్కా?”

“నువ్వు వెళ్ళిపోతావని.”

“శనివారం వస్తానన్నానుగా!”

“అందరూ అలాగే అన్నారు.”

“ఆ అందరిలో నేనున్నానా? నలభై ఏళ్ళు నీ పక్కనే ఉన్నది ఎవరు?” గొంతు పెద్దది చెయ్యలేదు. అరిస్తే బాగుండును. “తొమ్మిది రోజుల్నుంచి నా కళ్ళని తిట్టుకుంటున్నానక్కా. ముసలిదాన్నైపోయాననుకున్నాను. నువ్వు చూస్తూ ఊరుకున్నావు.”

“తప్పయిపోయిందే.”

“ఆ పనిశాల వాళ్ళకి నేను వేళకి రాలేని మనిషిని. ఇక్కడ నీకు నేను...” అని ఆగి, పుస్తకం మూసి నా వైపు తోసింది. “బాగానే కొలిచావు. తప్పేం లేదు.”

ఆ తర్వాత కూడా మాట్లాడింది. ఉప్పు అందుకో అంది, తలుపు వేసుకో అంది. అక్కా అని మాత్రం అనలేదు. నల్ల డబ్బా తనే వెళ్ళి తెచ్చుకుంది. లోతు తనే కొలుచుకుంది. యంత్రం ఆడించినప్పుడు నీళ్ళు పారుతున్న చప్పుడైనా లేదు, అంత బాగా కుదిరింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను.

రెండు నెలలకి ఇంకో పనిశాల పిలిచింది. అది రెండు గంటల ఊరు కాదు, రెండు రాత్రుళ్ళు బండిలో కూర్చోవాలి. శనివారాలు రావడం కుదరదు. సంచీ నేను నిద్ర లేవకముందే సర్దేసుకుంది. నల్ల డబ్బాకి దుప్పటి చుట్టి, రిక్షా అతని చేత మోయించింది. “శాలువా పెట్టుకున్నావా?” అని అడిగాను. “పెట్టుకున్నాను,” అంది. ఎప్పుడొస్తావని అడిగే మొహం నాకు లేదు. తనూ చెప్పలేదు.

నా చెల్లెలు ఆ ఏడు జూన్ తొమ్మిదో తేదీ, గురువారం, ఉదయం ఎనిమిది గంటల బండికి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.